పనసగుమ్మి వెదురు గేటు

అరకు వెళ్ళొచ్చానంటే మా విజయనగరంలో మొదట అడిగేది బొంగు చికెన్ తిన్నావా అని. తిన్నాను. రెండోది రైల్లోనా, కారులోనా అని. జీపులో. ఆపైన ఎవరూ ఏమీ అడగరు. అడగకపోయినా చెప్పడం నా అలవాటు. నా కబుర్లలో రూపాయికి పావలా కోసుకుని వినమని మా ఆవిడ కొత్తవాళ్ళని ముందే హెచ్చరిస్తుంది. ఈ కబురులో మాత్రం, పనసగుమ్మి చేరిన దగ్గర్నుంచి ఏమీ కోయక్కర్లేదని ఆవిడే ఒప్పుకుంది.

మా ఆవిడ సుగుణ కాన్పుల డాక్టరు. నాది షామియానాల వ్యాపారం. పెళ్ళికి పందిరి నేను వేస్తాను, తరవాతి సంగతి ఆవిడ చూసుకుంటుంది. కాన్పులు చేసే డాక్టర్లందరికీ కలిపి మా వైపు ఒక సంఘం ఉంది. ఏటా పెద్ద హోటల్లో సదస్సు, శాలువాలు, తెర మీద బొమ్మలు చూపించి ఉపన్యాసాలు. ఆ శాలువాల సభల్లోనే ఒకసారి ఎవరో లేచి, కొండ మీద కడుపుతో ఉన్నవాళ్ళు మన హోటలుకి రారు కదా, మనమే పోదాం అన్నారట. అప్పట్నుంచి వంతులు వేసుకుని ఏజెన్సీకి వెళ్తున్నారు. కొందరు అరకు ఆసుపత్రిలో నర్సులకి శిక్షణ ఇస్తారు. కొందరు ఊళ్ళలోకి వెళ్ళి గర్భిణుల్ని చూస్తారు. ఈ ఏప్రిల్లో సుగుణ వంతు వచ్చింది. టెంటూ మైకూ నావి కాబట్టి నా వంతూ వచ్చింది.

ఘాట్ రోడ్డు

ఎస్.కోట దాటాక మలుపులు మొదలు. అనంతగిరి దగ్గర ఓ కోతి మా జీపు ఆపి, నా కళ్ళజోడు తీసుకుని, పెట్టుకుని, నా పేపరు చదివి, నచ్చక తిరిగి ఇచ్చేసింది. ఇక్కడ పావలా కాదు, ముప్పావలా కోసుకోవచ్చు. కళ్ళజోడు పోయిన మాట మాత్రం నిజం. మిగతా ప్రయాణమంతా నాకు దూరం వస్తువులు మసకే.

డ్రైవరు అప్పలకొండది గజపతినగరం వైపు. మబ్బు పట్టినప్పుడల్లా స్టీరింగు మీద తల ఆనించి పైకి చూసేవాడు. ఈ నెలలో కొండల్లో మజ్జాన్నం దాటితే వాన గేరంటీ అన్నాడు. దారి పక్క పనసకాయలు మా ఊరి రేటులో సగానికే ఇస్తున్నారు. రెండు కొని జీపులో వేశాను. తరవాత వాటిని విసిరేయాల్సి వచ్చింది, జీపులో చోటు కోసం.

అరకులోయ

ఆ సాయంత్రం సంఘం అధ్యక్షురాలు డాక్టర్ ప్రమీల గారు మాకంటే ముందే ఆసుపత్రిలో ఉన్నారు. రిటైరుమెంటుకి దగ్గరపడ్డ మనిషి. మత్తు డాక్టరుని కూడా వెంట తెచ్చుకున్నారు. గుడ్డబొమ్మకి సూదులు పొడిపిస్తూ నర్సులకి గుర్రపువాతం గురించి చెబుతున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళకి బీపీ పెరిగిపోయి ఫిట్స్ రావడాన్ని మన పెద్దవాళ్ళు అలా అనేవారు. ఒకటి వస్తే ఇంకోటి వస్తుందట. తల్లి పోవచ్చు, బిడ్డ పోవచ్చు, ఇద్దరూ పోవచ్చు.

భోజనం దగ్గర వెదురు గొట్టంలో కాల్చిన కోడి వచ్చింది. నూనె చుక్క లేదు. మా ఇంట్లో అదే కోడికి గరిటెడు నూనె లేకపోతే అలక. నేను గొట్టం లోపలికి కన్ను పెట్టి చూస్తుంటే ప్రమీల గారు సుగుణతో ఒకే మాట అన్నారు. "కొండ మీద బీపీ ఎక్కువున్న పిల్ల కనిపిస్తే వాదించకు. సూది వేసి కిందకి తెచ్చెయ్. నేను ఇక్కడే ఉంటాను."

అనడం తేలిక.

గేటు

మర్నాడు పొద్దున్నే కొండ మీద పనసగుమ్మి అనే ఊరికి బయల్దేరాం. అక్కడికి జీపు సగం దూరమే వెళ్తుంది. రోడ్డు అంతమయ్యే చోట రెండు పంగలకర్రలు పాతి, వాటిమీద అడ్డంగా పొడవాటి వెదురు పెట్టి, పదిమంది ఆడవాళ్ళు కాపలా కాస్తున్నారు. తలలో ఎర్రపూలు, చేతిలో గిన్నెలు. అవి ఇటుకల పండగ రోజులు. మగవాళ్ళంతా విల్లంబులతో అడవికి వేటకి పోతారు. ఊరి రోడ్డు ఆడవాళ్ళ చేతికి వస్తుంది. ఎవరు వచ్చినా ఏదో ఒకటి ఇస్తేనే వెదురు లేస్తుంది. మా ఊళ్ళో వినాయక చవితికి కుర్రాళ్ళు తాడు కడతారు చూడండి, అలాగే. కాకపోతే ఆ తాడు కింద నుంచి దూరిపోవచ్చు. ఇక్కడ గురుబారి ఉంది.

గురుబారి ఆ గేటుకి పెద్ద. పొట్టిగా, గట్టిగా, నోట్లో పొగాకుతో. డాక్టరమ్మ దగ్గర తీసుకోనంది. నన్ను చూసి నువ్వేటి పని సేత్తావని అడిగింది. డాక్టరమ్మ మొగుణ్ణన్నాను. "అది పనేటి? అయితే ఎగురు" అంది. ఎగిరాను. వాళ్ళతో థింసా నాట్యం ఆడబోతే నా చెప్పు తెగింది. సుగుణ చేతి గడియారం చూసుకుంటూ, మబ్బు చూసుకుంటూ నిలబడింది.

అక్కడే మా తప్పు తెలిసింది. సంఘంవాళ్ళు తేదీ వేసుకున్నారు, బ్యానరు వేయించారు, కొండమీద పండగ ఎప్పుడో ఎవరూ అడగలేదు. శిబిరానికి రావలసిన ఆడవాళ్ళంతా ఈ గేటు దగ్గరే ఉన్నారు. ఎవరైనా మంచానపడితే డోలీ కట్టి మోయాల్సిన మగవాళ్ళంతా అడవిలో ఉన్నారు.

బడి వసారా

కాలిబాటన గెడ్డ, అంటే కొండవాగు, దాటి, ఊళ్ళో బడి దగ్గర టెంటు వేశాను. కుర్చీలన్నీ ఖాళీ. ఊరి ఆశా కార్యకర్త చిలకమ్మ ఒక్కతే పరుగున వచ్చింది. జమున అనే పిల్ల పొద్దున్నించి తలనొప్పని పడుకుందట, కళ్ళముందు మిణుగురులు ఎగురుతున్నాయంటోందట. తొలిచూలు, ఎనిమిదో నెల దాటింది.

సుగుణ మాట మధ్యలోనే లేచింది. జమున ఇంటి బయట అరుగు మీద నేను ఆగాను. లోపల్నుంచి బీపీ మిషను గాలి బుస్సుమనడం వినిపించింది. మళ్ళీ బుస్సు. మళ్ళీ. మా ఆవిడ ఒకసారి చూసింది మూడోసారి చూసిందంటే మంచిది కాదని నాకు తెలుసు. తొంగి చూస్తే జమున మొహం ఉబ్బి, కళ్ళు గీతల్లా ఉన్నాయి. సుగుణ మోకాలి కింద వేళ్ళతో తట్టింది. ఆ కాలు తేలు కుట్టినట్టు ఎగిరిపడింది.

బయటికి వచ్చి నాతో మెల్లిగా అంది. "ఫిట్స్ అంచున ఉంది. సూదులు వేస్తున్నాను. కాన్పు చేసేస్తే తప్ప ఇది ఆగదు, ఇక్కడ చెయ్యలేను. ప్రమీల మేడమ్‌కి ఫోన్ చెయ్యి. ఉన్నది చెప్పు. ఒక్క ముక్క కూడా కలపకు."

ఊరి మీద ఒక బండ ఉంది, దానిమీద నిలబడితేనే సిగ్నల్. ఒక కాలికి చెప్పు లేకుండా ఎక్కాను. జన్మలో మొదటిసారి విన్నది విన్నట్టు చెప్పాను. ప్రమీల గారు బీపీ ఎంత, స్పృహ ఉందా, బిడ్డ కదులుతోందా అని అడిగారు. చెప్పాను. ఆపరేషన్ గది సిద్ధం చేస్తాం, ఎప్పుడు బయల్దేరుతున్నారు అన్నారు. సుగుణని అడిగి చెబుతానన్నాను.

దిగి వచ్చేసరికి గుమ్మంలో జమున అత్త సొమిలి కూర్చుని ఉంది. రెండు చేతులూ ద్వారబంధాలకి ఆనించి.

గుమ్మం

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. తన కొడుకు సోమన్న వేటలో ఉన్నాడని చెప్పింది. "ఏటకెల్లినోడి ఆడది ఊరు అద్దు దాటకూడదమ్మా. దాటితే బాణం ఎనక్కి తిరుగుద్ది. నా పెనిమిటి అలాగే పోయాడు. కొడుకొచ్చీవరకూ ఆగండి."

కొడుకు ఎప్పుడు వస్తాడు? రేపో, ఎల్లుండో. సుగుణ ఆవిడ ఎదురుగా నేల మీద కూలబడింది. అంత సమయం లేదని చెప్పింది. ఆవిడ తలూపింది. అర్థంకాక కాదు. కొడుకునీ కోడల్నీ రెండు చేతుల్లో పట్టుకుని, ఏ చెయ్యి వదలాలో తెలియని మనిషికి ఏం చెబుతాం?

నేను చెప్పబోయాను. మా తాతకి వేట తెలుసనీ, ఆయన అమ్మోరిని అడిగి శాస్త్రం మార్చాడనీ మొదలుపెట్టాను. సొమిలి నా వైపు చూసి, "బాబూ, అది ఇప్పుడు అల్లుతున్నావు" అంది. నోరు మూసుకున్నాను. మా ఆవిడ కూడా అంత తొందరగా ఎప్పుడూ పట్టుకోలేదు.

లోపల జమున వాంతి చేసుకుంది. చిలకమ్మ కిందకి పరిగెత్తి గేటు దగ్గర కబురు చెప్పింది. గురుబారి, మిగతా ఆడవాళ్ళు పైకి వచ్చారు. వస్తూ వెదురు పట్టుకుని మరీ వచ్చారు. పండగ రోజుల్లో దాన్ని ఒంటరిగా వదలకూడదట.

గురుబారి గుమ్మం ముందు నిలబడి సంగతంతా విన్నది. పొగాకు ఉమ్మింది. సొమిలిని అడిగింది, ఇప్పుడు ఊరి హద్దు ఏది అని. గేటే అంది సొమిలి. గేటు ఎవరిది? ఆడోళ్ళది. గేటు ఎక్కడుంది? సొమిలి తలెత్తి చూసింది. గేటు గురుబారి భుజం మీద ఉంది.

"మరేటి? గేటెక్కడుంటే అద్దు అక్కడ. ఈ గుంటని దీనికే కట్టి మోసుకుపోదాం. అద్దు దానితోటే వత్తాది. దాటిందేటి?"

దూరంగా ఉరిమింది. సొమిలి లేచి వచ్చి వెదురుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చేత్తో తడిమింది. తరవాత గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది. "కింద పెట్టకండి" అంది. "ఎక్కడా నేల మీద పెట్టకండి."

గెడ్డ దాకా

చిలకమ్మ ఒక కుర్రాణ్ణి సోమన్న కోసం అడవికి పరిగెత్తించింది. నా షామియానా పక్కగుడ్డ విప్పి డోలీ కట్టాను. ముళ్ళు వేయడం ఒక్కటే ఆ రోజు నాకు సరిగ్గా వచ్చిన పని. ఈ ఊళ్ళలో డోలీ మోయడం మగవాళ్ళ పనే. ఆడవాళ్ళు నీళ్ళు మోస్తారు, కట్టెలు మోస్తారు, డోలీ కర్ర భుజానికి ఎత్తరు. ఆ రోజు ముందు గురుబారి ఎత్తింది. వెనక నేను పట్టాను. నాలుగు అడుగులు వేశామో లేదో జమున బరువంతా ముందుకి జారింది. "నువ్వు తాటిసెట్టులాగున్నావు బాబూ, ఇలగొచ్చీ" అని ఎవరో నన్ను లాగేసి తను దూరింది. వాళ్ళంతా ఒకే ఎత్తు. భుజాలు మార్చుకోవడం కూడా నడుస్తూనే.

వాన అందుకుంది. దారి ఎర్రగా, సబ్బులా మారింది. సుగుణ డోలీ పక్కనే, జమున మణికట్టు వదలకుండా నడిచింది. సొమిలి కోడల్ని చూడలేదు. వెదురునే చూస్తూ నడిచింది.

గెడ్డ మధ్యలో ఉండగా గుడ్డ వణకడం మొదలైంది. మొదట మోసేవాళ్ళు జారుతున్నారనుకున్నాను. జమున కాళ్ళూ చేతులూ బిగుసుకుని కొట్టుకుంటున్నాయి. మోకాళ్ళ లోతు నీళ్ళు, కింద పెట్టడానికి లేదు, కదలడానికి లేదు. "ఆగండి, గట్టిగా పట్టుకోండి" అని సుగుణ తల పక్కకి తిప్పి పట్టింది. మోస్తున్న నలుగురు ఆడవాళ్ళూ నీళ్ళలో కాళ్ళు పాతుకుని నిలబడ్డారు. వెదురు కిర్రుమంటోంది. నా ముళ్ళు ఊడిపోతాయేమోనని గుడ్డ కింద చేతులు పెట్టాను. ఎంతసేపో చెప్పలేను. నేను చెబితే మీరు నమ్మకూడదు కూడా.

వణుకు ఆగింది. ఊపిరి గురకలా వచ్చింది. ఒడ్డు ఎక్కాక, డోలీ దించకుండానే, సుగుణ ఇంకో సూది వేసింది. ఆవిడ మొహం నేను ఎప్పుడూ చూడని మొహం.

అరకు దారి

జమునని వెనక సీట్లో పడుకోబెట్టాం, గురుబారి, సొమిలి, చిలకమ్మ కూడా ఎక్కారు. వెదురుని అప్పలకొండ జీపు పైన కట్టాడు. జీపు కంటే పొడవు. ముందు బానెట్టు దాటి ఈటెలా పొడుచుకొచ్చింది. పోలీసులు పట్టుకుంటే ఏటి సెప్పాలి బావుగారూ అన్నాడు. హద్దని చెప్పు అన్నాను.

నాకు ఒకటే భయం. పొద్దున్న మేం వచ్చాక ఈ దారిలో ప్రతి ఊళ్ళోనూ గేటు వేసి ఉంటారని చిలకమ్మ అంది. ప్రతి గేటు దగ్గరా ఆగి, బతిమాలి, వివరించి ఎప్పటికి చేరతాం? మొదటి గేటు కనిపించగానే అప్పలకొండ హారను మీద చెయ్యి పెట్టాడు. గురుబారి ఆ చెయ్యి తీసేసి, కిటికీలోంచి నడుం దాకా బయటికి వచ్చి కూర్చుంది. ఏమీ అరవలేదు. జీపు పైనున్న వెదురుని అరచేత్తో తడుతూ కూర్చుంది.

ఆ ఊరి ఆడవాళ్ళు వెదురుని చూశారు, దాని కింద మనుషుల్ని చూశారు. వాళ్ళ గేటు లేచింది. తరవాతి ఊళ్ళో మేం చేరకముందే లేచింది. గేటుకి గేటు దారి ఇచ్చింది. నా కళ్ళజోడు లేకపోవడం వల్ల అంతా మసగ్గా కనిపించిందని ఇంటికొచ్చాక చెప్పాను. కళ్ళజోడు ఉన్నా అలాగే కనిపించేది.

ఆసుపత్రి వసారా

ప్రమీల గారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. నిన్న గుడ్డబొమ్మకి సూది పొడిచిన నర్సులు ఈసారి నిజం మనిషిని అందుకున్నారు. ఒక్క మాట ఎక్కువ లేదు. స్ట్రెచరు లోపలికి పోయింది, తలుపు మూసుకుంది.

గురుబారి, సొమిలి, చిలకమ్మ వెదురుని విప్పి తెచ్చారు. ఆపరేషన్ గదికి వెళ్ళే నడవ మొదట్లో రెండు బెంచీలు జరిపి, వాటిమీద అడ్డంగా పెట్టారు. వేట తిరిగి వచ్చేదాకా హద్దు ఉండాలి కదా. వార్డుబాయి తీసేయమన్నాడు. సొమిలి దానిమీద రెండు చేతులూ వేసి కూర్చుంది. రక్తం సీసా కోసం బయటికి వచ్చిన ప్రమీల గారు ఏమిటిదని అడిగారు. చిలకమ్మ చెప్పింది. ఆవిడ ఒక క్షణం వెదురునీ, ఒక క్షణం సొమిలినీ చూశారు. "ఉండనీ" అని, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, వంగి, దాని కింద నుంచి దూరి వెళ్ళారు. ఆ తరవాత నర్సులూ, మత్తు డాక్టరూ అందరూ వంగే వెళ్ళారు.

చాలాసేపటికి పిల్లి కూనలాంటి ఏడుపు ఒకటి వినిపించింది. ఆడపిల్ల. బొత్తిగా చిన్నది. వెచ్చటి పెట్టెలో పెట్టారు. సుగుణ బయటికి వచ్చి గోడకి ఆనుకుంది. తల్లి ఇంకా కళ్ళు తెరవలేదు, చూడాలి అంది. "చూడాలి" అన్న మాట డాక్టర్లు ఎప్పుడు వాడతారో డాక్టరుని పెళ్ళి చేసుకున్నవాడికి తెలుస్తుంది. సొమిలి బిడ్డ గురించి అడగలేదు. కోడలి గురించీ అడగలేదు. ఆవిడ కళ్ళు ఆసుపత్రి గేటు మీదే ఉన్నాయి.

వాన వెలిసి, కొండల మీద చివరి ఎండ పడుతుండగా మోటారుసైకిలు ఒకటి వచ్చి ఆగింది. వెనక నుంచి ఒక మనిషి దిగాడు. ఒళ్ళంతా బురద, భుజాన విల్లు. సోమన్న. పరుగున వచ్చినవాడు వెదురు దగ్గర ఆగిపోయాడు. గురుబారి అవతల నిలబడి ఉంది.

"ఏటి తెచ్చావురా?"

వేట నుంచి వచ్చిన మగవాణ్ణి ఊరి ఆడవాళ్ళు ముందు అడిగేది అదేనట. వట్టిచేతులతో వస్తే పేడనీళ్ళు కుమ్మరిస్తారని చిలకమ్మ నా చెవిలో చెప్పింది. సోమన్న రెండు చేతులూ చాపి చూపించాడు. "ఏటీ నేదు పిన్నీ. మజ్జిలో కబురందింది. ఒగ్గేసి వచ్చీసినాను."

ఆసుపత్రిలో పేడనీళ్ళు ఎక్కడివి? గురుబారి అటూ ఇటూ చూసింది. బెంచీ కింద నా చల్లారిన టీ గ్లాసు ఉంది. తీసి, మునివేళ్ళ మీద లేచి, అతని నెత్తిన పోసింది. ఆమె పెదవులు బిగించి ఉన్నాయి, ఎవరం నవ్వలేదు. అతను కదలకుండా పోయించుకున్నాడు. సొమిలి లేచి వచ్చింది. కొడుకు భుజాలు, వీపు, డొక్కలు, పిక్కలు అన్నీ తడిమి చూసింది. ఎక్కడా గాయం లేదు. అప్పుడు వెదురుని ఒక చివర పట్టి ఎత్తింది.

"ఎల్లు. నీ పెల్లాం ఊరు దాటనేదు."

అతను లోపలికి వెళ్ళాడు, వెనకే సుగుణ. తలుపు సగం తెరిచే ఉంది. జమునా, జమునా, ఎవరొచ్చారో చూడు అని సుగుణ పిలవడం వినిపించింది. చాలాసార్లు పిలిచింది. గొంతులో ప్రతిసారీ కొంచెం బలం తగ్గుతోంది. వసారాలో మేమంతా ఎత్తిన వెదురు కింద అలాగే నిలబడిపోయాం.

అప్పుడు లోపల్నుంచి, నాలిక మందంగా, నిద్రలో మాట్లాడినట్టు ఒక గొంతు వచ్చింది. మొగుడి నెత్తిన కారుతున్న టీనీళ్ళు చూసి అడిగిందట.

"ఏటీ దొరకనేదా?"